మూడో పిలుపు

మొన్న అమ్మ ఫోన్‌లో "తిన్నవా?" అని మెసేజ్ పెట్టింది. నేను చదివేలోపే ఫోను నా తరఫున మూడు జవాబులు తయారుచేసి కింద వరసగా పెట్టింది. తిన్నాను. ఇంకా లేదు. నువ్వు తిన్నావా? ఒక్క వేలు ఆనిస్తే చాలు, నేనే రాసినట్టు అమ్మకు చేరిపోతుంది. అందరూ రోజూ చేసే పనే, భయపడాల్సిందేమీ లేదు. నేను మాత్రం వాటిని ముట్టుకోలేదు. అమ్మకు ఫోన్ చేశాను.

"ఏందే, మెసేజ్ పెడితే ఫోన్ జేస్తవ్? ఏమైంది?" అంది.

"ఏం లేదు. నోటితోని చెప్దామని చేసిన. తిన్న."

అమ్మ మెల్లగా, "మర్శిపోయి పెట్టిన బిడ్డా" అంది. ఇద్దరం ఇంకేవో మాటలు మాట్లాడి ఫోన్ పెట్టేశాం.

'తిన్నవా' అన్న మాట మా కాకది. కాక అంటే మా నాయినకు సొంత తమ్ముడు. మేడ్చల్ రోడ్డు మీద ఒక ధర్మకాంటలో కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉండేవాడు. లారీ వచ్చి రోడ్డుపక్కన పరిచిన ఇనప పలక మీద నిలబడితే, పక్కన చిన్న గదిలో దాని బరువు తెర మీద పడుతుంది. కాక చీటీ కొట్టి ఇస్తాడు. బడి వదలగానే నేను మా ఊరి ఆటో ఎక్కకుండా నేరుగా అక్కడికే పోయేదాన్ని. కోళ్ళ దాణా, మక్కలు, తడిసిన గోనెసంచులు, డీజిలు, పక్కన పంక్చర్లు వేసే చాచా కాల్చే రబ్బరు, అన్నీ కలిసిన వాసన అది. నాకిప్పటికీ ఎక్కడైనా మక్కల లారీ వెనకాల నిలబడితే కడుపులో ఆకలి పుడుతుంది, ఎందుకంటే కాక అప్పుడు చాచా కొడుకుతో మిర్చిబజ్జీలు తెప్పించేవాడు. తెలంగాణ వస్తదా రాదా అని లారీ డ్రైవర్లు కిటికీ దగ్గర నిలబడి వాదించుకునేవాళ్ళు. నేను బజ్జీల్లో మిరపకాయలు తీసి కాక చీటీల కింద దాచేదాన్ని.

లారీ లారీకి మధ్య కాక ఒక ఆట ఆడేవాడు. బొమ్మలు లేని ఆట. అక్కడి నెట్‌కు బొమ్మ తెరుచుకోవాలంటే ఒక లారీ వచ్చి పోయేంత సేపు పట్టేది, అక్షరాలైతే టక్కున వచ్చేవి. నువ్వు అడవిలో ఉన్నావు, ఉత్తరానికి బాట ఉంది, దగ్గరలో ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇలా ఇంగ్లీషులో వాక్యాలు పడతాయి. మనం 'ఉత్తరం' అని కొడితే ఇంకో చోటు, ఇంకో వాక్యం. అందులో తిరిగే మనుషులంతా ఎక్కడెక్కడో కూర్చున్న నిజం మనుషులే. వాళ్ళ ముఖం తెలియదు, గొంతు తెలియదు, రాసిన మాటే మనిషి.

"బొమ్మ లేదేంది కాకా?" అని అడిగాను మొదటిసారి.

"కండ్లు మూసుకో. ఇగ జూడు" అన్నాడు.

కొన్నాళ్ళకు మా ఇంటికీ కంప్యూటర్ వచ్చింది. మాది శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్. అప్పుడే చుట్టూ చెలకలన్నీ ప్లాట్లు అవుతున్నాయి. నాయిన ముందు గదిలో ఆఫీసు పెట్టి, గోడకు లేఅవుట్ మ్యాప్ అతికించి, టేబుల్ మీద కంప్యూటర్ పెట్టాడు. దానికి అమ్మ కుంకుమ బొట్టు పెట్టింది, నాయిన ఎర్ర గుడ్డ కప్పాడు. స్విచ్ ఎక్కడుందో మాత్రం ఆయనకు తెలియదు. కాక వచ్చి నెట్ వచ్చే డాంగల్ తగిలించి, నాకు ఆటలో ఒక మనిషిని పుట్టించి పోయాడు. ఆ మనిషిని నేను 'నా మనిషి' అనేదాన్ని. ఆటలో ఒక పాడుబడ్డ బావి ఉండేది. రోజూ దీపాలు పెట్టే వేళకు కాంటాలో కాక, ఇంట్లో నేను, మా ఇద్దరి మనుషులూ ఆ బావి దగ్గర కలుసుకునేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాలతో మన మాటే కొట్టుకునేవాళ్ళం.

ఆట ఆడటం కంటే ఆటను తనంతట తాను ఆడుకునేలా చేయడంలోనే కాకకు మజా. నాకూ అదే నేర్పాడు. బావి నుంచి గని దాకా పన్నెండు అడుగులు, ప్రతిసారీ పన్నెండు మాటలు కొట్టాలి. కాక వాటన్నింటినీ ఒక్క అక్షరంలో కట్టేశాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు: తెర మీద ఫలానా వాక్యం కనిపిస్తే ఫలానా పని చెయ్యమని ముందే రాసిపెట్టొచ్చు. మేం దాన్ని మంత్రం అనేవాళ్ళం. నేను నా చేత్తో రాసిన మొదటి మంత్రం, 'ఆకలిగా ఉంది' అని కనిపిస్తే రొట్టె తిను.

మర్నాడు నా మనిషి సంచిలో ఉన్న రొట్టెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తినేసింది. ఆపడానికి నాకు చేతకాలేదు. ఇంతలో ఫోన్ మోగింది. "కడుపు నిండిందా పిట్టా?" అని కాక పగలబడి నవ్వుతున్నాడు. నన్ను పిట్టా అని పిలిచేది ఆయనొక్కడే. సంగతేమిటంటే, కాక మనిషి నా పక్కన నిలబడి 'ఆకలిగా ఉంది, ఆకలిగా ఉంది' అని అంటూ పోయాడు. నా మంత్రం ఆ వాక్యాన్ని చూసి తినుకుంటూ పోయింది.

"ఎవలు అంటున్నరో దానికి తెల్వది పిట్టా. కండ్లబడ్డదల్లా నిజమే అనుకుంటది. నువ్వే చెప్పాలె దానికి" అన్నాడు. మూతి ముడుచుకుని సరిచేశాను.

నెల తిరిగేసరికి నేను లేకుండానే నా మనిషి గని తవ్వేది, తినేది, దీపాలవేళకు బావి దగ్గరికి వచ్చి ఎవరున్నా 'మంచిగున్నవా' అని పలకరించేది, పడుకునేది. కీబోర్డు కాసేపు కదలకపోతే మంత్రం తనే మొదలయ్యేది. కనెక్షన్ తెగితే తనే కలుపుకునేది. జరిగిందంతా ఒక ఫైల్‌లో రాసి ఉంచేది. బడి నుంచి వచ్చి, నేను లేనప్పుడు నేనేం చేశానో చదువుకునేదాన్ని. ఒకరోజు అందులో ఎవరో 'ఉన్నావా?' అని అడిగారు. నేను 'ఆ, ఇక్కడే ఉన్న' అన్నాను. ఆ టైముకు నేను లెక్కల క్లాసులో ఉన్నాను. ఆ వాక్యం రాసిపెట్టింది నేనేనని తెలుసు, అయినా ఆ ఫైల్ మూసి వంటింట్లో అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను.

ఇలా మంత్రాలతో ఆడేవాళ్ళంటే ఆట నడిపే పెద్దలకు పడదు. వాళ్ళలో ఒకరు వచ్చి నన్ను పదిసార్లు పిలిచారు, నా మనిషి క్షణం ఆలస్యం లేకుండా పదిసార్లూ 'ఆ, ఇక్కడే ఉన్న' అంది. తీసుకుపోయి వారం రోజులు జైల్లో పడేశారు. 'చీకటి గది. తలుపు లేదు.' అంతే, రోజూ ఆ రెండు వాక్యాలే.

దానికి విరుగుడు అవ్వ దగ్గర దొరికింది. మా అవ్వకు ఒక పట్టింపు ఉండేది.

"దీపాలు పెట్టేయాళ్ల ఎవలన్న పిలిస్తే ఒక్కపారికి పలుకకు బిడ్డా. రెండుపార్లు పిల్చినా పలుకకు. మనిషైతే మూడోపారి పిలుస్తడు. గాలిదైతే మూడోపారి పిలువది."

ఈ పట్టింపు వల్ల మా ఇంట్లో సాయంత్రమైతే ఎవరూ ఒక్క పిలుపుకు పలికేవాళ్ళు కాదు. అమ్మ వంటింట్లోంచి మూడోసారి పిలిచేటప్పుడు తిట్లు కూడా కలిపి పిలిచేది. నేను ఆ పట్టింపును తీసి మంత్రంలో పెట్టాను. ఎవరైనా నా మనిషి పేరుతోనో, 'పిట్టా' అనో పిలిస్తే ఒకసారికి పలక్కు, రెండోసారికి పలక్కు, మూడోసారికి నాలుగు ఊపిర్లు ఆగి పలుకు. ఎవరి లెక్క వాళ్ళకు విడిగా రాసుకో, మూడోసారి పలికేదాకా ఆ లెక్క చెరపకు, ఇవాళ ఒకసారి పిలిచి రేపు మళ్ళీ పిలిచినా సరే. ఆ తర్వాత ఆట పెద్దలు నన్ను పట్టుకోలేకపోయారు.

కాకకు చెబితే కాంటా గది అదిరేలా నవ్వాడు. "అవ్వ మాటను కంప్యూటర్‌లకెక్కించినవ్ గదనే! మరి నేను పిలిస్తే?"

"నువ్వైనా మూడుపార్లు పిలువాలె. దయ్యానివి కావని ఏం గ్యారంటీ?"

"మంచిగున్నది. మరి మూడోపారి పలికేది నువ్వో, నువ్వు రాసిన మంత్రమో, నాకెట్ల తెలుస్తది?"

నేను నాలుక బయటపెట్టాను. కాక నన్నలా పిలవాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు, మా ఇద్దరికీ వేళ ఒకటే కదా. నా ఫైల్‌లో కాక పేరు ఎదురుగా లెక్క ఎప్పుడూ సున్నాయే ఉండేది.

కాక కూడా ఊరుకోలేదు, తన మనిషికి నాలుగు మాటలు నేర్పాడు. దీపాలవేళకు దానంతటదే బావి దగ్గరికి వచ్చి నీళ్ళు తోడుతుంది. ఎవరైనా పలకరిస్తే కాసేపాగి ఒక మాట అంటుంది. తిన్నవా? అవ్వ మంచిగున్నదా? ఇయ్యాల లారీలు ఎక్కువున్నయ్. "నేనెప్పుడో, అదెప్పుడో చెప్పు జూద్దాం" అని నాతో పందెం. అవ్వ ఏం కూర వండిందో చెప్పమని అడిగి దాదాపు ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని.

ఆ ఏడు వానలు పడుతుండగా ఇంట్లో గొడవ వచ్చింది. మిగిలిన చెలక కూడా వెంచర్‌కు ఇచ్చేద్దామని నాయిన, సంతకం పెట్టనని కాక. కాక అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "సంతకం పెట్టనోడు ఈ గడప తొక్కొద్దు" అన్నాడు నాయిన. కాక చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రోజు నుంచి కాంటా గదిలోనే పడుకునేవాడు. నేను బడి నుంచి కాంటా వైపు పోవడం బందయింది. ఇంట్లో ఫోన్లు నాయిన చేతిలోనే ఉండేవి. కానీ కంప్యూటర్‌లో కాక ఉన్నాడని నాయినకు తెలియదు. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు "మా పిల్ల కంప్యూటర్ నేర్సుకుంటాంది" అని గొప్పగా చెప్పేవాడు.

అవ్వకు తెలుసు. దీపం పెట్టి వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడేది. తంబాకు వాసన వచ్చిందంటే అవ్వ వచ్చినట్టు.

"వచ్చిండా?"

"వచ్చిండవ్వా."

"ఏమంటుండు?"

"తిన్నవా అంటుండు."

"తిన్నదని చెప్పు. వాడు తిన్నడో లేదో అడుగు."

కొడుకును ఇంట్లోకి పిలవలేని ఆ ముసలామెకు ఆ తెరే దిక్కు. తనకు చదువు రాదు, నేను చదివిందే వినేది. కాకను ఆ ఇంటికి కలిపి ఉంచిన దారం నా చేతిలో ఉందని నాకు తెలుసు. ఆ వయసులో అది గర్వంగానే ఉండేది.

బతుకమ్మ వచ్చింది. మొదటి రోజు పెత్తరమాస, చచ్చిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు. ఆ పొద్దు పెద్దలంతా ఊళ్ళోనే తిరుగుతుంటారని అవ్వ నమ్మకం. "ఇయ్యాలైతే మూడోపారి కూడ ఆలోచించి పలుకు" అంది. సాయంత్రం పావడా కట్టుకుని నేను అమ్మతో ఆడటానికి పోయాను. కంప్యూటర్ అలాగే వదిలేశాను, మంత్రం చూసుకుంటుంది కదా. తంగేడు పూలు తక్కువ పడ్డాయని అమ్మ సణిగింది. ప్రతి ఏడూ గుట్టల్లో తిరిగి తంగేడు తెచ్చేది కాకే.

ఆ తొమ్మిది రోజులూ అంతే. చీకటి పడేదాకా ఆట, ఇంటికొచ్చి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నోట్లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కాసేపు. కాక మనిషి బావి దగ్గర ఉండేవాడు. తిన్నవా? తిన్న. అవ్వ మంచిగున్నదా? మంచిగున్నది. నాయిన వస్తున్న చప్పుడైతే తెర మార్చేసేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో 'తిన్నవా' అని రెండుసార్లు అడిగాడు. నేను తిన్నానని చెప్పాక మళ్ళీ అడిగాడు. నాకు ఒక్క క్షణం ఏదోలా అనిపించింది. కూర పందెం అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. నేను అడగలేదు. నిద్ర వస్తోంది, కాళ్ళు నొప్పులు. నాకు అనుమానమే రాలేదని ఇప్పుడు చెప్పుకోవాలనిపిస్తుంది, కానీ అది నిజం కాదు.

"వచ్చిండా?" అని అవ్వ అడిగింది ఆ రోజు కూడా.

"వచ్చిండవ్వా. బానే ఉన్నడు."

ఆఖరి రోజు, సద్దుల నాడు అవ్వ కూడా వచ్చి రెండు అడుగులు ఆడింది. దసరా అయిన మర్నాడు కాంటా సేటు నాయినకు ఫోన్ చేశాడు. కాంటా మరమ్మతుకు వచ్చి పండగ ముందు నుంచీ మూసి ఉందట, ఆ రోజే తెరిచాడట.

"పండుగ మంచిగ చేసుకున్నడా మీ తమ్ముడు? ఇగ డ్యూటీకి వస్తడా రాడా?"

"మా ఇంటికెక్కడొచ్చిండు?" అన్నాడు నాయిన.

లోపల్నుంచి అవ్వ, "వాడు కాంటాలనే ఉన్నడు గద. రోజు పిల్లతోని మాట్లాడుతనే ఉన్నడు" అంది. అందరూ నా వైపు తిరిగారు.

నేను తెర తిప్పాను. కాక మనిషి బావి దగ్గర నీళ్ళు తోడుతున్నాడు. అప్పుడే దీపాలవేళ అవుతోంది. 'కాకా, యాడున్నవ్?' అని కొట్టాను. నాయిన వెనకాల నిలబడి చూస్తున్నాడు.

తెర మీద 'తిన్నవా?' అని పడింది.

'కాకా, నిజంగ నువ్వేనా?' రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. తెర మీద ఇంకో వాక్యం పడింది.

"ఏమంటుండు బిడ్డా?" అంది అవ్వ.

"అవ్వ మంచిగున్నదా అంటుండు."

"మంచిగనే ఉన్ననని చెప్పు" అంది అవ్వ, నవ్వుతూ.

నాయిన బండి తీశాడు, నేను వెనక ఎక్కాను. కాంటా గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. కడిగి బోర్లించిన పళ్ళెం మీద దుమ్ము పేరుకుంది. కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకునే ఆ కంప్యూటర్‌లో, ఖాళీ కుర్చీ ముందు, వాక్యాలు పైకి జరుగుతున్నాయి. నీళ్ళు తోడాడు. కూర్చున్నాడు. తిన్నవా?

"ఎవల్ని అడుగుతుండు?" అన్నాడు నాయిన.

"ఎవల్నీ అడుగుతలేడు నాయినా. ఎవలన్న మాట్లాడితే అడుగుమని రాసిపెట్టిండు. అటు నా మంత్రం మాట్లాడితే ఇటు కాకది పలుకుతాంది."

"మరి మనుషులేరి?"

నాయిన తమ్ముడి కుర్చీలో కూర్చోబోయి, కూర్చోలేక, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కీబోర్డు దగ్గరికి పోయాను. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాక ఉన్నచోట నిలబడి, కాక వేళ్ళు ఆనిన చోట వేళ్ళు పెట్టి, కాక పిలిచినట్టు నన్ను నేను పిలుచుకోవాలనిపించింది. 'పిట్టా' అని కొట్టాను. ఒక్కసారే.

ఒక్కసారికి పలకకూడదు. ఆ నియమం రాసింది నేను. నాలుగు ఊపిర్లు పట్టింది.

'ఆ, ఇక్కడే ఉన్న.'

"ఎవలు పలికిన్రు?" అన్నాడు నాయిన.

"నేనే" అన్నాను.

అప్పుడు అర్థమైంది. మంత్రం తప్పు చేయలేదు. కాక పేరు ఎదురుగా లెక్క సున్నా కాదు, రెండు. నేను కొట్టింది మూడోది.

పంక్చర్ చాచా లోపలికి తొంగిచూశాడు. మమ్మల్ని చూసి ముఖం మారిపోయింది. "అరే, ఆప్ ఇధర్? పెత్తరమాస దినం శామ్‌కే, దీపాలు పెట్టేయాళ్లకే పోయిండు గద సాబ్. బండికి పూలు కట్టుకున్నడు. ఘర్ జారూఁ చాచా, ఇంటికాడ బచ్చీకి పూలిచ్చి వస్తా అన్నడు. ఇంట్లనే ఉన్నడు, సులహ్ అయిపోయింది, కలిసిపోయిన్రు అనుకున్న" అన్నాడు. ఆయన మా దగ్గర ఉన్నాడనుకున్నాడు, మేం ఇక్కడ ఉన్నాడనుకున్నాం. మేం అలా అనుకోవడానికి కారణం నేను.

పోలీస్ స్టేషన్‌కు పోతే అక్కడి నుంచి మమ్మల్ని పట్నంలో సర్కారు దవాఖానకు పంపారు. మేడ్చల్ నుంచి మా ఊరికి వచ్చే దారి మలుపులో రోడ్డు మీద పోసిన కంకర మీద బండి జారింది. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో వేసి పంపారు. ఫోను రోడ్డు పక్క మోరీలో పడిపోయింది, బండి కాగితాలు పాత యజమాని పేరు మీదే ఉన్నాయి, మనిషికి తెలివి లేదు, పేరు చెప్పేవాళ్ళు లేరు. ఆరు రోజులు బతికి ఉన్నాడు. ఆరు రోజులూ ఆ మంచం పక్కన మా వాళ్ళెవరూ లేరు. ఏడో రోజు పోయాడు, పేరు లేని శవంగా మార్చురీలో ఉంచారు. సద్దుల బతుకమ్మ మేం మైలలో ఆడాం. అవ్వ దాని గురించి ఒక్కసారే అన్నది: "కొడుకు శవం మీద ఆడిన." నన్ను మాత్రం ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కర్మ అయ్యాక పోలీసులు బండి, దానికి కట్టిన సంచి ఇచ్చారు. సంచి నిండా ఎండిపోయిన తంగేడు పూలు. నాయిన ఆ సంచి పట్టుకుని గడప బయట చాలాసేపు కూర్చున్నాడు. ఆ చెలక వెంచర్‌కు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని ఎవరూ అడగలేదు.

నేను ఫైల్ తీసి చదివాను. పెత్తరమాస, దీపాలు పెట్టే వేళ. 'పిట్టా.' కింద ఏమీ లేదు. కొంచెం సేపటికి మళ్ళీ, 'పిట్టా.' కింద ఏమీ లేదు. ఆ తర్వాత కాక మనిషి బావిలో నీళ్ళు తోడాడు. అంటే కాక లేచి వెళ్ళిపోయాడు, మిగిలింది మంత్రం. మా కాక తన చేత్తో కొట్టిన ఆఖరి మాటలు ఆ రెండే.

రోడ్డు కాడికి వచ్చి పూలు తీసుకుపొమ్మని చెప్పడానికే పిలిచి ఉంటాడు. ఆయన గడప తొక్కకూడదు కదా. నేను పలికి ఉంటే బండి జారకుండా ఉండేదా అంటే, ఏమో, జారేదేమో. కానీ నేను రోడ్డు కాడ నిలబడి ఉండేదాన్ని. చీకటి పడినా కాక రాకపోతే ఏడ్చి ఊరంతా లేపేదాన్ని. ఆ రాత్రే వెతికేవాళ్ళం. ఆరు రోజులు ఒక్కడే పడుకుని ఉండేవాడు కాదు.

చాలా ఏళ్ళు నన్ను తిన్నది ఇంకో ప్రశ్న. నియమం ఆయనకు తెలుసు. మూడుసార్లు పిలవాలని నేనే చెప్పాను. మరి మూడోసారి ఎందుకు పిలవలేదు? పెద్దదాన్నయ్యాక, నా పిల్ల పక్కగదిలోంచి పిలుస్తుంటే ఒకరోజు తట్టింది. రెండుసార్లు పలకకపోయేసరికి నేను అక్కడ లేనని కాకకు తెలిసిపోయింది. మూడోసారి పిలిస్తే పలికేది నేను కాదని కూడా తెలుసు. ఆయనకు కావలసింది నేను. అందుకే మంత్రాన్ని పిలవకుండా, పూలు కట్టుకుని తనే బయల్దేరాడు.

ధర్మకాంట ఇప్పుడు లేదు. ఆ చోట రోడ్డు వెడల్పు చేశారు. చాచా షాపు ఏమైందో తెలియదు. ఆ ఆట ఇంకా ఎక్కడో నడుస్తోందని ఎవరో అన్నారు, నేను చూడలేదు, చూడను.

ఇప్పుడు నన్ను ఎవరు పిలిచినా ఒక్కసారికే పలుకుతాను. పిలవకముందే పలుకుతావని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అప్పుడప్పుడు దీపాలు పెట్టే వేళ బయట్నుంచి ఎవరో పిలిచినట్టు ఉంటుంది, ఒక్కసారే. "ఆఁ, వస్తున్న" అని లేచి పోయి తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు. అవ్వ ఉంటే తిట్టేది. నాకు భయం వేయదని కాదు, వేస్తుంది. కానీ రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయిన మనిషిని, మళ్ళీ మూడోసారి పిలువు అని నేనెట్లా అడగను?